ఆత్మపరీక్షకు నిలిచిన ఆచార్యుడు – ఇమాం గజాలీ

విద్యాలయాలలో పరీక్షలు పెట్టేవారు అధ్యాపకులు. పరీక్షలకు కూర్చునేవారు విద్యార్థులు. ఇది లోకరీతి. అయితే కీర్తిశిఖరాన ఉన్న ఒక మహాచార్యుడు తన్ను తానే పరీక్షించుకొని, ఆ పరీక్షలో తాను ఉత్తీర్ణుడు కాలేదని గ్రహించి, పీఠం దిగి వెళ్లిపోయిన ఉదంతం చరిత్రలో ఉంది. ఆ మహనీయుడే హుజ్జతుల్ ఇస్లాం అనే బిరుదు పొందిన ఇమాం అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ.

ఆయన క్రీ.శ. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. ఆ ప్రాంతం నేటి ఇరాన్ ఈశాన్య భాగంలో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్మి జీవించిన నిరుపేద అని చరిత్రకారులు రాశారు. మరణకాలం సమీపించినప్పుడు ఆయన తన ఇద్దరు కుమారులను, కూడబెట్టిన కొద్దిపాటి సొమ్మును ఒక సూఫీ మిత్రునికి అప్పగించి, తనకు దక్కని విద్యను పిల్లలకైనా చెప్పించమని కోరాడు. ఆ సొమ్ము త్వరలోనే అయిపోయింది. మిత్రుడూ పేదవాడే. మదరసాలో చేరితే గ్రాసానికి లోటుండదని ఆయన పిల్లలకు హితవు చెప్పాడు. ఆ విధంగా గజాలీ విద్యాభ్యాసం అన్నం కోసం ఆరంభమైంది.

బాల్యంలో జరిగినదిగా చెప్పుకొనే మరొక వృత్తాంతం ఉంది. జుర్జాన్‌లో చదువుకొని స్వస్థలానికి మరలివస్తుండగా దారిలో దొంగలు బిడారును దోచుకున్నారు. తక్కినవి పోయినా పాఠాల కాగితాలు ఇప్పించమని గజాలీ దొంగల నాయకుణ్ణి బతిమాలారు. కాగితాలతోపాటు పోయే చదువు ఏపాటి చదువని వాడు నవ్వి, వాటిని తిరిగి ఇచ్చివేశాడు. ఆ మాట ములుకులా నాటుకొని, గజాలీ మూడు సంవత్సరాలు శ్రమించి ఆ పాఠాలన్నిటినీ కంఠస్థం చేశారు.

అనంతరం నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద తర్కశాస్త్రాన్ని, ధర్మశాస్త్రాన్ని అభ్యసించారు. 1085లో గురువు మరణించగా సల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానంలో చేరారు. అక్కడి పండితులను వాదంలో ఓడించి మంత్రి మన్ననలందుకున్నారు. 1091లో బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్య పదవి లభించింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పది మూడు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠం వినేవారు. ఖలీఫా దర్బారులోను గౌరవమే. ఒక అధ్యాపకుడు కోరదగిన సమస్తమూ ఆయనకు సమకూడింది.

అక్కడే ఆత్మపరీక్ష మొదలైంది. తాను ఎవరి కోసం బోధిస్తున్నట్లు? ఈ ప్రశ్నకు ఆయన అంతరంగం ఇచ్చిన సమాధానం ఆయనను కలవరపెట్టింది. దైవప్రీతి తన బోధకు మూలం కాదని, కీర్తికాంక్ష, పదవీవ్యామోహం మాత్రమే తనను నడిపిస్తున్నాయని తోచింది. 1095లో ఆరు మాసాల పాటు ఈ సంఘర్షణ సాగింది. ఉదయం అన్నిటినీ విడిచిపోవాలని నిశ్చయించుకొనేవారు. సాయంకాలానికి ఆ నిశ్చయం సడలిపోయేది. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. ఆహారం సహించలేదు. శరీరం క్షీణించింది. మనోవ్యథ తీరితే తప్ప ఔషధం పనిచేయదని వైద్యులు చేతులెత్తేశారు.

అదే సంవత్సరం నవంబరులో ఆయన బాగ్దాద్ విడిచారు. ఆపుతారేమోనన్న భయంతో మక్కా యాత్రకని చెప్పి బయలుదేరారు. కుటుంబ పోషణకు చాలినంత ఉంచి, మిగిలిన ధనాన్ని పంచిపెట్టారు. పీఠాన్ని తమ్ముడు అహ్మద్‌కు ఒప్పగించారు. డమాస్కస్‌లోని పెద్ద మసీదు మీనారులో తలుపు మూసుకొని ధ్యానంలో గడిపారు. జెరూసలేం దర్శించారు. హెబ్రాన్‌లో ఇబ్రాహీం ప్రవక్త సమాధి వద్ద మూడు ప్రతిజ్ఞలు చేశారు: ప్రభువుల ధనం స్వీకరించరాదు, ప్రభువుల వాకిట నిలువరాదు, గెలుపు కోసం వాదించరాదు. పిదప హజ్ యాత్ర చేసి, క్రమంగా తూస్ చేరారు.

ఈ అజ్ఞాత సంవత్సరాల ఫలమే నలుబది ప్రకరణాల ఇహ్యా ఉలూమిద్దీన్. ఇందులోని విషయాలనే సంగ్రహంగా ఫారసీలో కీమియాయె సఆదత్ అనే పేరుతో రాశారు. ఇహ్యాలో ఆత్మపరిశీలన గురించి ఆయన చెప్పిన ఉపమానం వర్తకునిది. మన బుద్ధి వర్తకుడు, మనస్సు భాగస్వామి, ఆయుష్షు మూలధనం. వర్తకుడు పొద్దున్నే భాగస్వామితో షరతులు మాట్లాడుకోవాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, రాత్రి లెక్క చూడాలి. నష్టం కనబడితే మందలించి సరిదిద్దాలి. పైకానికి చిట్టా రాసే మనం రోజులకు చిట్టా రాయమని దీని తాత్పర్యం.

1106లో మంత్రి ఫఖ్రుల్ ముల్క్ ఆహ్వానంపై గజాలీ నైషాపూర్‌లో మళ్లీ పాఠం చెప్పారు. ప్రభువుల వాకిట నిలువనన్న వ్యక్తి మరల ఆచార్య పీఠమెక్కడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఆయన అప్పుడు కూడా తన సంకల్పాన్ని పరీక్షించుకొన్నారు. మునుపు పదవి కోసం బోధించానని, ఇకమీదట పదవీవ్యామోహాన్ని వదిలించే విద్యను బోధిస్తానని తలచారు. వృత్తి పాతదే, మారింది ఉద్దేశం. తర్వాత తూస్‌కు మరలి, ఇంటి ప్రక్కనే విద్యార్థులకు మదరసా, సూఫీలకు ఖానఖా నెలకొల్పి, 1111 డిసెంబరులో పరమపదించారు.

ఈ జీవితాన్ని తలపోసినప్పుడు మాకు మా తరగతి గది గుర్తుకు వస్తుంది. హాజరు పట్టీలో విద్యార్థుల పేర్లు పిలిచే మేము మా మనస్సు హాజరు ఏనాడైనా వేసుకున్నామా? జీతం కోసం చెప్పిన పాఠమెంత, మెప్పు కోసం చెప్పినదెంత, విద్యార్థి కోసం చెప్పినదెంత? లెక్క చూస్తే మాకు సిగ్గే మిగులుతోంది. విద్యార్థులు పట్టా కోసమే చదువుతున్నారని నిందించే ముందు, అన్నం కోసం మదరసాలో చేరిన బాలుణ్ణి తలచుకోవలసి ఉంది. ఎందుకోసం ఆరంభించామన్నది మన చేతిలో లేకపోవచ్చు. ఎందుకోసం కొనసాగిస్తున్నామన్నది మాత్రం మన చేతిలోనిదే. కళాశాలను నడిపే పెద్దలకు, బోధించే మాకు, అభ్యసించే విద్యార్థులకు ఈ ప్రశ్నపత్రం ఒక్కటే. దీనికి గడువు ప్రతి రాత్రీ.