గిడుగు రామమూర్తి పంతులు

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, విజయనగరంలో చదువుకొని 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ఇప్పుడు గజపతి జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు నివసించేవారు. సంతకు దిగివచ్చిన సవరకు పల్లపువారి భాష సరిగా తెలియదు. దానిని ఆసరాగా తీసుకొని దళారులు, వడ్డీ వ్యాపారులు తూకంలోను, లెక్కలోను అతనిని మోసగించేవారు. అలా మోసగించినవాడు ఇంటికి వెళ్లి, స్నానం చేసి, మడి కట్టుకొని పూజకు కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. సవరను ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడితే మాత్రం అది పదిమందిలో నిలదీయవలసిన అపరాధం! లోపలి తప్పు మర్యాదగా బతికేది. పైకి కనిపించే తప్పుకే శిక్ష. వెలి భయంతో మంచివారు సైతం నోరు మెదపలేకపోయేవారు.

రామమూర్తిగారు బ్రాహ్మణ కుటుంబానికి చెందినవారు. అయినా, సవరభాష బాగా తెలిసిన ఒక వ్యక్తిని, లోకం అంటరానివాడన్న మనిషిని, తన ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. ఈ పని చాటుగా చేయలేదు. అడవుల్లో తిరిగి చలిజ్వరం పాలయ్యారు. దానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు జీవితాంతం చెవుడు మిగిలింది. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, పుస్తకాలు రాశారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాలకు ప్రతిఫలం ఇవ్వబోతే తీసుకోక, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టమని కోరారు.

తెలుగు చదువులోనూ ఆయనకు ఇదే తీరు కనిపించింది. పిల్లవాడు ఇంట్లో పలికే మాట రాస్తే గ్రామ్యమని కొట్టివేసేవారు. అందువల్ల పిల్లలు సొంతంగా ఒక వాక్యం రాయడానికే జంకేవారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాల్లోనూ వ్యాకరణానికి నిలవని ప్రయోగాలు ఉండేవి. పిల్లవాడి తప్పు పలక మీదనే దెబ్బలు తినేది, పండితుడి తప్పు అచ్చులో గౌరవం పొందేది. రామమూర్తిగారు ఆ ప్రయోగాలను ఏరి, వారి రచనల నుంచే చూపి, అందరి ముందు పెట్టారు. అప్పటికే ఎంతో గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం పంతులు వాడుకభాషను బాహాటంగా అంగీకరించి, 1919లో వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. అంత పేరున్న పెద్దకు పదిమందిలో మాట మార్చుకోవడం తేలికైన పని కాదు. రామమూర్తిగారు ఆ సమాజానికి కార్యదర్శిగా పనిచేశారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊరిని అలా కలపడం ఆయనకు సమ్మతం కాలేదు. యాభై ఏళ్లకు పైగా తాను బతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వెళ్లారు. సవరలను మాత్రం విడువలేదు. ఆయన కూర్చిన సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఐదేళ్లు. 1940 జనవరి 22న ఆయన మరణించారు.