లార్డ్ కెల్విన్

లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధి చెందిన విలియం థామ్సన్ (జూన్ 26, 1824 - డిసెంబరు 17, 1907) భౌతిక శాస్త్రవేత్త. పరమ ఉష్ణోగ్రతామానం ఈయన పేరు మీదనే ఉన్నది. భూమిలోపలి ఉష్ణోగ్రతను, తీగలో సంకేతం నడిచే తీరును ఒకే గణితంతో వివరించిన ఘనత కూడా ఈయనదే.

బాల్యం, విద్య

బెల్ఫాస్టులో జన్మించాడు. తండ్రి గణిత ఉపాధ్యాయుడు. ఆరేళ్ళ వయసులో తల్లి మరణించింది. తండ్రికి గ్లాస్గోలో ఆచార్య పదవి లభించగా కుటుంబం అక్కడికి తరలింది. పదేళ్ళకే విశ్వవిద్యాలయంలో చేరాడు. 1840లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూరియే రచించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథాన్ని చదివాడు. జీవితాంతం ఆ గ్రంథమే ఆయనకు పెట్టుబడి అయిందంటే అతిశయోక్తి కాదు. కేంబ్రిడ్జిలో చదువు ముగించి, 1846లో 22వ ఏట గ్లాస్గోలో ఆచార్యుడై 53 సంవత్సరాలు బోధించాడు.

సముద్రపు తీగ

ఇనుప కడ్డీలో వేడి వ్యాపించినట్లే తీగలో విద్యుత్ సంకేతం కూడా వ్యాపిస్తుందని థామ్సన్ 1854-55లో నిరూపించాడు. పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి రాగి తీగ లావుగా, తొడుగు మందంగా ఉండాలన్నాడు. అట్లాంటిక్ తంతి సంస్థలోని విద్యుత్ నిపుణుడు వైట్‌హౌస్ ఇందుకు సమ్మతించలేదు. అప్పటికే సన్నని తీగ తయారవుతున్నది. పైగా దానిని ఆరుబయట ఎండలో చుట్టలుగా ఉంచడం వల్ల గట్టాపెర్చా తొడుగు కొన్నిచోట్ల మెత్తబడింది. 1858 ఆగస్టులో తీగ కలిసింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. వైట్‌హౌస్ దాదాపు 2000 వోల్టులు ప్రయోగించడంతో తీగ కొద్ది వారాలకే మూగబోయింది. నేరమంతా వైట్‌హౌస్‌దే అనడం సబబు కాదు. తీగ ముందే లోపభూయిష్టమైనది. థామ్సన్ రూపొందించిన అద్దపు గాల్వనామీటరు అతి బలహీనమైన సంకేతాన్ని సైతం పట్టగలిగేది. 1866లో గ్రేట్ ఈస్టరన్ నౌక వేసిన కొత్త తీగ విజయవంతమై, ఆయనకు సర్ బిరుదు లభించింది. 1870లో బొంబాయికి కూడా సముద్రపు తంతి వచ్చింది.

భూమిలోని వేడి

ఫోర్బ్స్ అనే శాస్త్రవేత్త 1837లో ఎడింబరో వద్ద వేర్వేరు లోతులలో పాతించిన థర్మామీటర్ల లెక్కలను థామ్సన్ 1860లో పరిశీలించాడు. లోతుకు పోయేకొద్దీ వేడిలోని హెచ్చుతగ్గులు క్షీణిస్తాయి, ఆలస్యమవుతాయి. సుమారు ఎనిమిది మీటర్ల లోతుకు వేసవి వేడి చేరేసరికి పైన చలికాలం వచ్చేస్తుంది.

ఈ గణితం నేటికీ పనికివస్తున్నది. దుమ్ముగూడెం, భద్రాచలం ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆప్టికల్ ఫైబర్‌ను మన దేశంలో సాధారణంగా 165 సెంటీమీటర్ల లోతున పాతుతారు. పగలు, రాత్రి తేడా అక్కడికి చేరనే చేరదు. ఋతువుల తేడా మాత్రం నేలను బట్టి దాదాపు సగం మిగిలి, నెలా నెలన్నర ఆలస్యంగా చేరుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే కాంతి కిలోమీటరుకు సుమారు 40 పికోసెకన్లు ఆలస్యమవుతుంది. గాజు సాగడం కంటె దాని వక్రీభవన గుణకం మారడమే ఇందుకు ముఖ్య కారణం. మామూలు సంభాషణకు ఇది లెక్కలోనికి రాదు. గడియారాలను కలపవలసిన చోట వస్తుంది. మట్టి కోసుకుపోయి తీగ బయటపడితే మాత్రం ఆ రక్షణ పోయినట్లే.

భూమి వయసు, చివరి రోజులు

అదే లెక్కతో 1862లో భూమి వయసు 2 కోట్ల నుండి 40 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందన్నాడు. ఈ అంచనా తప్పు. వాస్తవానికి అది దాదాపు 454 కోట్ల సంవత్సరాలు. గణితం సరియైనదే గాని, భూగర్భంలో వేడి ప్రవాహరూపంలో కదులుతుందన్న విషయం ఆయన లెక్కలో లేదు. శిష్యుడు పెర్రీ 1895లో ఆ లోపాన్ని ఎత్తిచూపినా ఆయన అంగీకరించలేదు. 1892లో ప్రభువు హోదా పొంది, గ్లాస్గోలో ప్రవహించే కెల్విన్ నది పేరును స్వీకరించాడు. 1907లో మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధికి సమీపంలో ఖననం చేశారు.