డాక్టర్ హోమీ భాభా – ప్రతిపదార్థం

అశోక్ నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకొనే మన మిత్రులకు హోమీ భాభా అంటే ఒక మార్కు ప్రశ్న: భారత అణుశక్తి కార్యక్రమ పితామహుడెవరు? సమాధానం వ్రాసి ముందుకు సాగిపోతాము. కానీ రియాక్టర్ల జోలికి పోకముందే, ఇరవై ఆరేళ్ల వయస్సుకే ఆ యువకుడు మరొక గొప్ప విషయం మీద తన ముద్ర వేశాడు. ఆ విషయం ప్రతిపదార్థం. పద్యానికి ప్రతిపదార్థం వ్రాసి మార్కులు తెచ్చుకొనే మనకు ఈ మాట కొంత తికమక కలిగించవచ్చు. ఇక్కడ ‘ప్రతి’ అంటే ఎదురైనది అని అర్థం.

భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక సంపన్న పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. మేనత్త సర్ దొరాబ్జీ టాటా భార్య. 1927లో ఆయనను కేంబ్రిడ్జికి పంపినప్పుడు పెద్దల ఉద్దేశం ఒక్కటే: ఇంజనీరింగు చదివి వచ్చి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలి. కుమారుని మనస్సు మాత్రం భౌతికశాస్త్రం మీద నిలిచింది. ఆ సంగతి తండ్రికి ఉత్తరాలలో వ్రాశారు. ముందు ఇంజనీరింగులో ప్రథమ శ్రేణి సాధిస్తే ఆ పిమ్మట గణితం చదివిస్తానని తండ్రి ఒప్పుకున్నారు. 1930లో అదీ, 1932లో ఇదీ, రెండూ ప్రథమ శ్రేణిలోనే ముగిశాయి. మనస్సుకు పట్టని చదువును సగంలో వదలక పూర్తిచేసి, కోరుకున్న చదువును సంపాదించుకున్న ఈ తీరు, ఆయన తరువాత అలంకరించిన పదవులకన్న మాకు ఎక్కువ ముచ్చట గొలుపుతుంది.

ఆ కాలపు కేంబ్రిడ్జిలో పాల్ డిరాక్ ఉన్నారు. 1928లో ఆయన ఎలక్ట్రాన్‌కు వ్రాసిన సమీకరణం కోరని సమాధానాన్ని కూడా ఇచ్చింది. ఎలక్ట్రాన్ అంత ద్రవ్యరాశే కలిగి, వ్యతిరేకమైన విద్యుదావేశం గల కణం ఒకటి ఉండి తీరాలని 1931లో డిరాక్ తేల్చారు. మరుసటి ఏడే అమెరికాలో కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణాలను పరిశీలిస్తూ క్లౌడ్ ఛాంబర్ ఛాయాచిత్రంలో దాని జాడను కనుగొన్నారు. 1933లో బ్లాకెట్, ఒక్కియాలినిలు కేంబ్రిడ్జిలోనే దానిని ధ్రువపరిచారు. అదే పాజిట్రాన్. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలుసుకుంటే రెండూ నశించి కాంతిగా మారిపోతాయి. తగినంత శక్తి గల కాంతి నుండి తిరిగి జంటగా పుడతాయి.

భాభా పట్టుకున్న ప్రశ్న ఇక్కడిది. పాజిట్రాన్ వచ్చి ఎలక్ట్రాన్‌ను ఢీకొంటే ఏ కోణంలో ఎన్ని పరిక్షేపణం చెందుతాయి? ఆకర్షణ వల్ల ఒకదాని దారిని మరొకటి వంచడం ఒక మార్గం. రెండూ నశించి, ఆ శక్తి నుండే వెంటనే కొత్త జంట పుట్టడం రెండవ మార్గం. చూచేవానికి రెండింటా చివరకు కనబడేది ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ మాత్రమే. ఈ రెండవ మార్గాన్ని కూడా లెక్కలో చేర్చితీరాలని, దాని ప్రభావం కొలవదగినంత ఉంటుందని చూపుతూ భాభా వ్రాసిన పత్రం 1936లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వెలువడింది. నేటికీ దానిని భాభా పరిక్షేపణం అనే వ్యవహరిస్తారు.

1937లో హైట్లర్‌తో కలిసి ఆయన విశ్వకిరణాల జల్లును వివరించారు. ఆకాశం నుండి వచ్చిన ఒక్క ఎలక్ట్రాన్ గాలిలోని అణుకేంద్రకాల సమీపంలో కాంతిని వెలువరిస్తుంది. ఆ కాంతి ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ జంట మళ్లీ కాంతిని, అది మళ్లీ జంటలను పుట్టిస్తాయి. అంటే మన మేడల మీది ఆకాశంలో ప్రతిపదార్థం క్షణక్షణం పుడుతూనే ఉంది, నశిస్తూనే ఉంది. అయితే జంటగా తప్ప పుట్టడం లేదు. మరి సృష్టి ఆరంభంలోనూ ఇలాగే పుట్టి ఉంటే, అంతా పరస్పరం నశించి కాంతి ఒక్కటే మిగలాలి కదా! గ్రంథాలయమూ, చదివే మనమూ ఎక్కడి నుండి వచ్చినట్లు?

ఈ ప్రశ్నను భాభా స్వయంగా చేపట్టలేదు. 1939లో సెలవుకు స్వదేశం వచ్చిన ఆయనను యుద్ధం ఇక్కడే నిలిపివేసింది. బెంగుళూరులో సర్ సి.వి. రామన్ పనిచేస్తున్న సంస్థలో చేరారు. 1945లో టాటా మౌలిక పరిశోధనా సంస్థను, ఆ తరువాత అణుశక్తి సంఘాన్ని, ట్రాంబేను నిర్మించారు. దేశానికి కలిగిన లాభం గొప్పదే. కానీ పరిపాలనా భారం పెరిగినకొలదీ ఆయన సొంత పరిశోధన సన్నగిల్లిందని చెప్పక తప్పదు. విశ్వకిరణాలను మాత్రం ఆయన సంస్థ విడువలేదు. భూమి అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో జల్లెడ వలె పనిచేసి, తక్కువ శక్తి గల ఆవేశకణాలను తిప్పికొట్టి, మిక్కిలి శక్తి గలవాటినే రానిస్తుంది. అందుచేత పరిశోధకులు హైదరాబాదు నుండి భారీ బెలూన్లు ఎగురవేశారు. 1969లో ఇక్కడే స్థిరమైన బెలూన్ కేంద్రం వెలసింది. భాభా దానిని చూడలేదు. 1966 జనవరి 24న ఆయన ప్రయాణిస్తున్న విమానం ఆల్ప్స్‌లోని మోబ్లాఁ పర్వతాన్ని ఢీకొని కూలిపోయింది.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరం రష్యాలో సఖరోవ్ ఆ ప్రశ్నకు దారి చూపారు. ఆరంభంలో సుమారు నూరు కోట్ల ప్రతికణాలకు నూరు కోట్ల ఒక్క కణం చొప్పున ఉండి, తక్కినవన్నీ నశించగా ఆ ఒక్కటి మిగిలింది. మిగిలినదే మనం. అట్టి తేడా రావాలంటే ప్రకృతి నియమాలు కణాన్ని, ప్రతికణాన్ని కొంచెం భిన్నంగా చూడాలి. అట్టి పక్షపాతం కేయాన్ కణాలలో 1964లోనే బయటపడింది. 2001లో బి మెసాన్లలో, 2025లో జెనీవా శాస్త్రజ్ఞులు ప్రకటించినట్లు ప్రోటాన్ కుటుంబానికి చెందిన బేరియాన్లలో కూడా కనబడింది. కాని ఇంతవరకు దొరికిన పక్షపాతం, మిగిలిన పదార్థానికి లెక్క చెప్పడానికి ఏమాత్రం చాలదు.

బి మెసాన్ల శోధన జరిగిన యంత్రాలలో ఒకటి జపానులోని త్సుకుబాలో ఉంది. అక్కడ ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. తాము చూసిన తేడా ఎంతటిదో చెప్పాలంటే ముందు ఎన్ని ఢీకొన్నాయో తెలియాలి. అందుకు వారు లెక్కించే వాటిలో ముఖ్యమైనది, 1936లో ఆ ఇరవై ఆరేళ్ల యువకుడు లెక్కగట్టి పెట్టిన పరిక్షేపణమే.