మినమాతా బిడ్డలు, ఒక కంపెనీ డాక్టరు

1956 ఏప్రిల్‌లో, జపాన్‌లోని మినమాతా పట్టణంలో, ఐదేళ్ల బాలికను చిస్సో రసాయన కంపెనీ ఆసుపత్రిలో చేర్చారు. నడక తడబడుతోంది, మాట ముద్దగా వస్తోంది, మూర్ఛలు వస్తున్నాయి. రెండు రోజులకు ఆమె చెల్లెలు కూడా అదే స్థితిలో వచ్చింది. పొరుగింటి పాపకూ ఇలాగే ఉందని తల్లి చెప్పింది. ఇది ఒక ఇంటికి పరిమితమైన జబ్బు కాదని ఆసుపత్రి అధిపతి డాక్టర్ హజిమె హొసొకావాకు అర్థమైంది. అంతుపట్టని నాడీవ్యాధి వ్యాపిస్తోందని మే 1న ఆసుపత్రి నుంచి స్థానిక ఆరోగ్య కార్యాలయానికి సమాచారం వెళ్లింది. మినమాతా వ్యాధి చరిత్రను ఆ తేదీ నుంచే లెక్కిస్తారు.

హొసొకావా 1901లో ఎహిమె ప్రాంతంలో జన్మించారు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి చిస్సో కొలువులో చేరారు. మినమాతాలో చాలామందికి ఆ ఫ్యాక్టరీయే అన్నం పెట్టేది. డాక్టరుగారి జీతమూ అక్కడిదే.

ఆయన జాలరి పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి రోగులను వెదికారు. అక్టోబరు నాటికి 40 మంది బయటపడగా, వారిలో 14 మంది అప్పటికే మరణించారు. అంటువ్యాధి అనుకుని రోగుల ఇళ్లలో క్రిమిసంహారకాలు చల్లారు, ఇరుగుపొరుగు వారిని దూరం పెట్టారు. పల్లెలలో పిల్లులు గిరగిర తిరిగి చనిపోతున్న సంగతి మాత్రం వేరే దారి చూపింది. మనుషులూ పిల్లులూ తింటున్నది ఒకే చేపలు.

1959 జులైలో కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించారు, కంపెనీ ఒప్పుకోలేదు. చిస్సో 1932 నుంచి అసిటాల్డిహైడ్ తయారీలో పాదరసం వాడుతోంది. ఆ ప్రక్రియలో పుట్టే మిథైల్ మెర్క్యురీ వ్యర్థజలంతో పాటు అఖాతంలో చేరి, అడుగు బురదలో పేరుకుని, చేపలు, గుల్లల ద్వారా మనుషుల ఒంట్లోకి వచ్చేది. హొసొకావా ఆ వ్యర్థజలాన్నే మేతలో కలిపి 400వ నంబరు పిల్లికి పెట్టించారు. అక్టోబరులో దానికీ అవే లక్షణాలు కనిపించాయి. కారణం కంపెనీ గోడల లోపలే రుజువైంది. యాజమాన్యం ప్రయోగాలు ఆపించింది, ఫలితాన్ని బయటకు రానివ్వలేదు. హొసొకావా మాట్లాడలేదు. ఆయన జీవితకథలో ఈ ఘట్టాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆ డిసెంబరులోనే కంపెనీ రోగుల కుటుంబాలకు సానుభూతి సొమ్ము పేరిట కొంత ఇచ్చింది. తప్పు తనదేనని తర్వాత తేలినా మరి పరిహారం అడగబోమని వారి చేత ఒప్పందంపై సంతకాలు పెట్టించుకుంది.

చేపలు తిననే తినని కొందరు పసివాళ్లలోనూ ఆ సరికే జబ్బు కనిపిస్తోంది. మెడ నిలవదు, పాకే వయసు దాటినా పాకరు, మాట రాదు, కాళ్లూ చేతులూ వంకరపోతాయి. పుట్టుకతో వచ్చిన మెదడు పక్షవాతంగానే వైద్యులు దానిని చూశారు. తల్లి ఒంట్లోని విషాన్ని మాయ అడ్డుకుంటుందన్నది అప్పటి నమ్మకం. నిజానికి మిథైల్ మెర్క్యురీ మాయను దాటి, రూపుదిద్దుకుంటున్న బిడ్డ మెదడును చేరుతుంది. అందుకే తల్లిలో లక్షణాలు స్వల్పంగా ఉన్నా బిడ్డ తీవ్రంగా దెబ్బతినేది. యువవైద్యుడు మసజుమి హరాదా ఆ కుటుంబాలను ఓపికగా పరిశీలించారు. చనిపోయిన పిల్లల శవపరీక్షలూ తోడై, 1962 నవంబరులో 16 మంది పిల్లలకు గర్భస్థ మినమాతా వ్యాధి ఉన్నట్లు అధికారికంగా గుర్తించారు.

అదే ఏడాది హొసొకావా ఉద్యోగం వదిలి ఎహిమెకు వెళ్లిపోయారు. పాదరసం వాడే ఆ ప్రక్రియ 1968 మే వరకు సాగింది. కారణం కంపెనీ వ్యర్థాలేనని ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ సెప్టెంబరులో. మరుసటి ఏడాది బాధితులు కోర్టుకెక్కారు.

1970 జులైలో, టోక్యోలో క్యాన్సర్‌తో మంచం పట్టిన హొసొకావా వద్దకే న్యాయస్థానం వచ్చింది. 400వ నంబరు పిల్లి సంగతి, ప్రయోగాలు ఆపించిన సంగతి ఆయన వాంగ్మూలంలో చెప్పారు. అక్టోబరులో కన్నుమూశారు. 1973 మార్చి 20న కుమమోతో జిల్లా కోర్టు కంపెనీదే బాధ్యతని తేల్చి, 1959 నాటి ఒప్పందం చెల్లదని తీర్పు ఇచ్చింది.

మినమాతా పేరుతో కుదిరిన అంతర్జాతీయ పాదరస ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. అఖాతం అడుగున పేరుకున్న విషపు బురదను తవ్వి, కొంత భాగాన్ని పూడ్చివేసే పని 1977లో మొదలై 1990లో ముగిసింది. తల్లి కడుపులోనే వ్యాధి బారిన పడిన ఆ తొలి బిడ్డలలో బతికి ఉన్నవారికి అప్పటికి ముప్పై ఏళ్లు దాటాయి.