ప్రత్యర్థియే వారసుడు

లిండన్ జాన్సన్ 1908లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో కొటుల్లా అనే ఊరిలో మెక్సికన్ సంతతి పేదపిల్లలకు చదువు చెప్పి, వారి ఆకలిని, వారిపట్ల చూపే వివక్షను కళ్ళారా చూశాడు. 1937లో ప్రతినిధుల సభకు, 1948లో సెనేటుకు ఎన్నికై, 1955లో అక్కడ అధిక సంఖ్యాక పక్షానికి నాయకుడయ్యాడు.

1960లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిత్వానికై జాన్ కెనెడీతో తలపడ్డాడు. కెనెడీకి 806 ఓట్లు రాగా, జాన్సన్‌కు 409 మాత్రమే లభించాయి. మరునాడే కెనెడీ అతనిని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకొన్నాడు. తమ్ముడు రాబర్టుకు ఇది రుచించలేదు. కార్మిక నాయకులు దక్షిణాది వానిని విశ్వసించలేదు. అయినను దక్షిణాది మద్దతు లేనిదే గెలుపు దుర్లభమని కెనెడీ గ్రహించాడు. ఆ నవంబరులో టెక్సాస్‌లోని 24 ఎలక్టోరల్ ఓట్లు అతనికే దక్కాయి.

1963 నవంబరు 22న కెనెడీ హత్యకు గురికాగా జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. కెనెడీ ప్రతిపాదించిన పౌరహక్కుల చట్టాన్ని 1964లో నెగ్గించాడు. 1965లో నల్లజాతి ప్రజల ఓటుహక్కుకు చట్టరక్షణ కల్పించాడు. వియత్నాం యుద్ధాన్ని విస్తరింపజేసి అపకీర్తి పాలైనవాడూ అతడే. 1968లో మరల పోటీచేయనని ప్రకటించి, 1973 జనవరి 22న కన్నుమూశాడు.

ఓట్ల కొరకు చేరదీసిన ప్రత్యర్థి చేతికే దేశభారం వచ్చింది. కనుక ప్రత్యర్థిని పక్కన నిలుపుకొనుట దోషం కాదు. రేపు ఆ భారం అతడు మోయగలడా అన్నదే విచారించవలసిన విషయం.