మూడు గొంతుల బ్యాండు, ఒక తంబుర

మన క్లబ్బు పత్రికలో సంచికకి ఒక సంగీతకారుడి జీవితం రాయడం అలవాటు కదా. ఈసారి వంతు నాది. గిటార్ పట్టుకుని ముందు నిలబడేవాడు, పాటలు తనే రాసుకునేవాడు, బ్యాండుని తన పేరు మీద నడిపినవాడు అయితే బాగుంటుందన్నారు. నేను చెప్పిన పేరు విని గ్రూపులో నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ పేరు షేక్ నాజర్. బుర్రకథ నాజర్.

వాళ్ల మీద నాకేం కోపం లేదు. మొన్న సంక్రాంతి దాకా నాకూ బుర్రకథ అంటే స్కూల్ యానివర్సరీలో ముగ్గురు పిల్లలు రంగు తలపాగాలు చుట్టుకుని చేసే ఐటమ్, అంతే. మాది పల్నాడులో మాచవరం. నర్సరీ నుంచీ ఇంగ్లీషు మీడియం కాబట్టి తెలుగు పుస్తకం చదవాలంటే ఇప్పటికీ పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతయ్య నా ఫోన్ తీసుకుని అగ్గిరాముడు సినిమా పెట్టమన్నాడు. 1954 సినిమా, ఎన్టీఆర్, భానుమతి. కథ మీద ఆయనకి ఆసక్తి లేదు. ముందుకి జరుపు, ఇంకా జరుపు అంటూ ఒకచోట ఆపించాడు. అల్లూరి సీతారామరాజు బుర్రకథ. మధ్యలో నాజర్.

నేను గిటార్ వాయిస్తాను, అంత బాగా కాదు. అందుకే మొదట నా కళ్లు చేతుల మీదికే పోయాయి. భుజం మీద తంబుర, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు. తంబురలో రాగం వాయించడానికేం ఉండదు. మన గిటార్ లాగా మెట్లుండవు, కార్డులుండవు. శ్రుతి పట్టి ఉంచడం, ఊపు తగ్గకుండా చూడడం, అదే దాని పని. మిగిలిందంతా గొంతు, కాళ్లు, మొహం. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. వాళ్లలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. అంటే కథ మధ్యలో ఒకడు జోకులేస్తాడు, రెండోవాడు ఇవాళ్టి ఊరి సంగతులు, ప్రభుత్వం సంగతులు లాక్కొచ్చి కథకుడిని ప్రశ్నలడుగుతాడు. ఫ్రంట్‌మ్యాన్, ఇద్దరు డ్రమ్మర్లు, ఆ డ్రమ్మర్లే బ్యాకింగ్ వోకల్స్. బ్యాండు కాకపోతే ఇంకేంటది?

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. తాడికొండ దగ్గరి ఊరు. బీద దూదేకుల కుటుంబం. గొంతు బాగుంది కాబట్టి చిన్నప్పుడే నాటకాల వాళ్ల కంట్లో పడ్డాడు, ఆడవేషాలు కూడా కట్టాడు. సంగీతం నేర్చుకోవడానికి నరసరావుపేట వచ్చి మురుగుళ్ల సీతారామయ్య దగ్గర చేరాడు. ఇక్కడ కొంచెం ఆగాలి. నరసరావుపేట మాకు జిల్లా కేంద్రం, బస్సెక్కితే వెళ్లిపోయే ఊరు. నేను అక్కడ కోచింగుకి నెలల తరబడి తిరిగాను. అదే ఊళ్లో ఒక ముస్లిం కుర్రాడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడని ఎవరూ చెప్పలేదు. ఆ చదువు కూడా డబ్బుల్లేక పూర్తిగా సాగలేదు. అయినా ఆ కాస్త శాస్త్రీయ సంగీతమే తర్వాత అతన్ని మిగతా కథకుల నుంచి వేరుగా నిలబెట్టింది. ఊరు మొత్తానికి వినబడేలా అరిచి పాడుతున్నా స్వరం పక్కకి పోదు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను, పోదు.

బుర్రకథని నాజర్ కనిపెట్టలేదు. అంతకుముందు దాన్ని జంగం కథ, తంబుర కథ అనేవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి కథ చెప్పి గింజలు అడుక్కునే వాళ్ల విద్య అది. 1940ల మొదట్లో గుంటూరు జిల్లా కమ్యూనిస్టులకి ఒక అవసరం వచ్చింది. చదువురాని వేలమందికి ఒకేసారి విషయం చెప్పాలి. మైకు ప్రతి ఊళ్లోనూ ఉండదు, కరెంటు అసలే ఉండదు. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు ఉంటే చాలనే పద్ధతి వాళ్లకి కళ్లెదుటే కనబడింది. కాకుమాను సుబ్బారావు కథకుడిగా దళం కట్టారు. నాజర్ మొదట అందులో వంత. తర్వాత తనే కథకుడయ్యాడు. ఆ రోజుల్లో చెప్పిన కథల్లో ఒకటి టాన్యా. జర్మన్ సైన్యం 1941లో ఉరితీసిన సోవియట్ అమ్మాయి జోయా కథ. పట్టుబడినప్పుడు తన పేరు టాన్యా అని చెప్పిందట. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు, నాకంటే ఒక ఏడు చిన్న. కృష్ణా ఒడ్డున రైతులు చలికాలం రాత్రి దుప్పట్లు కప్పుకుని మాస్కో పక్కన చనిపోయిన ఆ పిల్ల కోసం ఏడవడం ఊహించుకోండి. సరిగ్గా అవే ఏళ్లలో అమెరికాలో వుడీ గథ్రీ గిటార్ మెళ్లో వేసుకుని కూలీల పాటలు కట్టి పాడుతున్నాడు. గథ్రీ గురించి మన పత్రికలో రాస్తే ఎవరూ నవ్వరు.

1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. అదే ఏడు బెంగాల్ కరువు. కళాకారులు ఊళ్లు తిరిగి పాడి కరువు బాధితులకి చందాలు పోగుచేశారు. నాజర్ దళానికి జనం ఎంతగా వచ్చేవాళ్లంటే కథ ఉందని తెలిస్తే పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లని తాతయ్య చెబుతాడు. తాతయ్య లెక్కల్లో కాస్త ఎక్కువ చెప్పే అలవాటుంది, అయినా ఇది నమ్ముతాను. ఎందుకంటే ప్రభుత్వం కూడా నమ్మింది. మద్రాసు ప్రభుత్వం బుర్రకథ ప్రదర్శనల్ని నిషేధించింది. తర్వాత పార్టీ మీదే నిషేధం వచ్చి ప్రజానాట్యమండలి చెల్లాచెదురైంది. తంబురకి, రెండు కుండలకి భయపడిన ప్రభుత్వం! తమాషా ఏంటంటే కొన్నేళ్లు గడిచాక ప్రభుత్వాలే కుటుంబ నియంత్రణకీ పొదుపుకీ బుర్రకథలు చెప్పించాయి.

ఇక నాకు అన్నిటికంటే దగ్గరైన సంగతి. నాజర్ చెప్పిన కథల్లో బొబ్బిలి యుద్ధం ఉంది, అల్లూరి సీతారామరాజు ఉంది, కానీ పేరు మోగింది పల్నాటి యుద్ధంతో. అది తనే రాసుకున్నాడు. పల్నాటి యుద్ధం మా పక్కన కొత్త కథ కాదు. గురజాల, మాచర్ల, కోడిపందెం, అడవులకి పోవడం, నాగమ్మ, బ్రహ్మనాయుడు, చివరికి కారంపూడిలో నాగులేటి ఒడ్డున అందరూ అందర్నీ చంపుకోవడం. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అక్కడ ఆ కథ పాడే హక్కు తరతరాలుగా వీరవిద్యావంతులది. శ్రీనాథుడు దాన్ని కావ్యంగా రాశాడు. ఇంతమంది చెప్పేసిన కథని తాడికొండ పక్కనుంచి వచ్చిన ఒక దూదేకుల మనిషి తీసుకుని, మళ్లీ రాసి, అది రాష్ట్రమంతా తిరిగేలా చేశాడు.

నాకనిపించేదేంటంటే, ఆ కథలో అతనికి చోటుంది. అన్ని కులాల వాళ్లూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్న చాపకూడు ఆ కథలోదే. బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న మాల కన్నమదాసు ఆ కథలోవాడే. తాతయ్యకి మాత్రం ఇవేవీ గుర్తు లేవు. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టంలో నాజర్ ఒక్కడే తల్లిగా, పెళ్లాంగా, కొడుకుగా మారిపోయేవాడని, పక్కన కూర్చున్న ముసలాళ్లు కండువాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లని చెబుతాడు. ఏ ఊళ్లో చూశావంటే మాత్రం రోజుకో ఊరి పేరు చెబుతాడు.

సినిమాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ప్రజానాట్యమండలి డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో తీసిన పుట్టిల్లులో నాజర్ బుర్రకథ ఉంది, మరుసటి ఏడు అగ్గిరాముడు. మద్రాసులో ఉండిపోతే ఏమయ్యేవాడో గానీ ఉండిపోలేదు. ఊళ్లకే తిరిగొచ్చాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, అప్పటికి 66 ఏళ్లు. 1997 ఫిబ్రవరి 22న పోయాడు.

ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆయన ఆత్మకథ పేరు చెప్పలేదు. కావాలనే చివరికి ఉంచాను, ఎందుకంటే ఆ పేరు చూశాక నేను పుస్తకం రెండు రోజులు ముట్టుకోలేదు.

ఆ పేరు పింజారి.

హాస్టల్లో ఈ మాట మనం రోజుకి ఎన్నిసార్లు వాడతామో లెక్కేసుకోండి. గేమ్ ఓడిపోతే, ఛార్జర్ ఇవ్వకపోతే, మెస్‌లో లైను తప్పితే. నేనూ వాడాను, తిట్టుగా. దానికి అర్థం ఉందని కూడా నాకు తెలీదు. పింజారి అంటే దూది ఏకేవాడు. పరుపుల్లోకి, బొంతల్లోకి దూదిని మెత్తగా విడదీసి ఇచ్చే మనిషి. ఒక కులం పనిని, కులం పేరుని మనం తిట్టు చేసుకున్నాం. జీవితమంతా ఆ మాట చెవిన పడుతూనే ఉన్న మనిషి, పద్మశ్రీ అనో ఇంకోటనో పెట్టుకోవచ్చు, అట్ట మీద ఆ మాటే పెట్టుకున్నాడు.

మా రూమ్మేట్ ఒకడు ఆ ఇంటివాడే. మొదటి సంవత్సరంలో నేను ఆ మాట అన్నప్పుడల్లా వాడు ఫోన్‌లోకి చూసేవాడు. వాడి మూడ్ అంతేనేమో అనుకునేవాణ్ణి. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక ఒక రాత్రి వాడికి సారీ చెప్పాను. వాడు ఏదో అంటాడనుకున్నాను, ఏమీ అనలేదు. సరేలే పడుకో అన్నట్టు లైటు ఆపేశాడు.

వారం తర్వాత ఈ డ్రాఫ్టు వాడికే ఇచ్చాను. నేను దూది ఏకడం గురించి రాసిన వాక్యం తప్పని కొట్టేసి, ఎలా ఏకుతారో చెప్పాడు. పెద్ద విల్లు ఒకటి ఉంటుంది. దానికి నరంతో బిగించిన తాడు. ఆ తాడుని దూదిలో పెట్టి చెక్క గుదిబండతో కొడుతుంటే దూది పొగలా లేస్తుంది, తాడు గుంయ్‌మని ఒకే స్వరంలో మోగుతూ ఉంటుంది. వాళ్ల నానమ్మ ఇంట్లో అటక మీద ఆ విల్లు ఇంకా ఉందట. ఒకే తీగ, ఒకే శ్రుతి. తంబుర గుర్తొచ్చిందని నేనంటే మరీ కవిత్వం చెప్పకన్నాడు.

దసరా సెలవులకి వాళ్ల ఊరు రమ్మన్నాడు. తాడు తెగిపోయి ఉంటుంది, గిటార్ తీగ ఏదైనా పట్టుకురా, బిగించి చూద్దాం అన్నాడు. లావుపాటి ఆరో తీగ కొని బ్యాగులో పెట్టుకున్నాను.