యులిసిస్‌ని రూపధరుణ్ణి చేసిన ఫిజిక్స్ విద్యార్థి

రుద్రూర్‌లో ఫుడ్ సైన్స్ చదువుతూ, రాత్రిళ్లు హాస్టల్లో రోమన్ దేవతల పిల్లలు రాక్షసులతో తలపడే ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లు మీలో ఉండే ఉంటారు. అలాంటివి తెలుగులో రాయాలని ఉన్నా, చదివింది సైన్సే కదా అని ఆగిపోతున్నారా? అయితే కొడవటిగంటి కుటుంబరావు సంగతి మీరు తెలుసుకోవాలి.

ఆయన 1909లో తెనాలిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు. విజయనగరంలో ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి, ఎమ్మెస్సీకి కాశీ వెళ్లారు. అప్పుడే ప్రపంచమంతా ఆర్థికమాంద్యం. డబ్బు కటకటతో చదువు సగంలోనే ఆగింది. తర్వాత సిమ్లాలో గుమాస్తా పని, కొన్నాళ్లు బొంబాయి, ఆ తర్వాత ఆంధ్రపత్రిక. ఇప్పటి భాషలో చెప్పాలంటే రెజ్యూమే అంతా గ్యాపులే! చదువుకీ బతుకుకీ పొంతన కుదరని ఆ రోజుల గురించే ఆయన ‘చదువు’ నవల రాశారు.

1952లో మద్రాసులో ‘చందమామ’లో చేరేసరికి ఆయనకి నలభై దాటాయి. అక్కడ పని మీరనుకున్నంత తేలిక కాదు. వచ్చిన కథల్ని పదేళ్ల పిల్లాడికి ఎక్కడా అడ్డు తగలకుండా తిరగరాయాలి. ట్రాయ్ యుద్ధం ముగిశాక ఇల్లు చేరడానికి పదేళ్లు సముద్రాల మీద తిరిగిన వీరుణ్ణి గ్రీకులు ఒడిస్యూస్ అన్నారు, రోమన్లు యులిసిస్ అన్నారు. చందమామలో అతను రూపధరుడు. హెలెన్ భువనసుందరి అయింది. పేర్లు మారాయి గానీ ఒంటికన్ను రాక్షసుడి గుహలో భయం అలాగే ఉంది. మన బోధనే ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ వింటూ పెరిగిన పిల్లలకి ఆ రాక్షసుడు పరాయివాడిలా ఎందుకనిపిస్తాడు? అనువాదం అంటే మాటకి మాట పెట్టడమే అనుకునేవాళ్లు ఈ పేర్ల దగ్గర కాసేపు ఆగి చూడాలి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ లాంటి సాహస సీరియళ్లు వచ్చిందీ ఆ చందమామలోనే.

కొ.కు. పెద్దల కోసం కథలు, నవలలు, సైన్సు వ్యాసాలు తన పేరుతోనే బోలెడు రాశారు. చందమామలో మాత్రం సంపాదకుడిగా ఆయన పేరు పడలేదు, చక్రపాణి పేరే ఉండేది. ఇన్నేళ్ల పనికి అది అన్యాయమేననిపిస్తుంది నాకైతే. ఆయన మాత్రం ఆ కుర్చీ వదల్లేదు. 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా, దాదాపు 28 ఏళ్లు, చందమామ పనిలోనే ఉన్నారు. అప్పట్లో రూపధరుడి కథ చదివిన పిల్లల్లో చాలామందికి అది ఎవరి చేతిమీదుగా వచ్చిందో పెద్దయ్యాక గానీ తెలియలేదు.